మూలకణాలకు ఇనుప గుర్తు: ఒక నానోరేణువుల ద్రావణంపై మా ల్యాబ్ సమీక్ష

హనుమకొండలోని మా ల్యాబ్‌లో మూలకణాలకు, అంటే ఇతర రకాల కణాలుగా మారగల స్టెమ్ సెల్స్‌కు, గుర్తు వేయడానికి ఐరన్ ఆక్సైడ్ నానోరేణువుల ద్రావణం ఒకటి కొని, కొన్ని నెలలుగా వాడుతున్నాం. డెక్స్‌ట్రాన్ అనే చక్కెర జాతి పదార్థపు పూత ఉన్న ఈ రేణువులు నీటిలో కలిసి, చిన్న గాజు సీసాలో వస్తాయి. జీవకణాలు వీటిని లోపలికి తీసుకున్నాక ఎమ్మారై తీస్తే, ఆ కణాలు ఉన్న చోటు నల్లగా కనిపిస్తుంది. మన వైపు బయోటెక్నాలజీ, ఫార్మసీ, వైద్య కళాశాలల్లో ఈ పని మొదలుపెట్టాలనుకునే విద్యార్థులు, అధ్యాపకులు కొనే ముందు తెలుసుకోవలసిన సంగతులు చాలా ఉన్నాయి కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను. తయారీదారు పేరు, అమ్మినవారి పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచిచెడుల్లో ఎక్కువ భాగం ఈ రకం సరుకు మొత్తానికీ వర్తిస్తాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. కణాలను ఎక్కడ పెట్టామో, అవి అనుకున్న చోటికి చేరాయో లేదో చూపడానికి ఇది నమ్మదగిన సాధనం. అవి బతికి ఉన్నాయా, పని చేస్తున్నాయా అన్న ప్రశ్నలకు మాత్రం దీని దగ్గర జవాబు లేదు, ఉందని ఎవరు చెప్పినా నమ్మకూడదు.

ఇలాంటి గుర్తు ఎందుకు కావాలో ఒక్క ఉదాహరణ చాలు. నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్ నగర శాస్త్రవేత్తలు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులకు డెండ్రిటిక్ కణాలు అనే రోగనిరోధక కణాలతో టీకా ఇస్తూ, ఆ కణాలకు ఐరన్ ఆక్సైడ్ గుర్తు, రేడియోధార్మిక ఇండియం గుర్తు రెండూ వేసి 2005లో ఫలితాలు ప్రకటించారు. అల్ట్రాసౌండ్ చూస్తూ, అనుభవం ఉన్న వైద్యులు సూదిని లింఫు గ్రంథిలోకి గురిపెట్టి ఇచ్చినా, ఎనిమిది మందిలో నలుగురికి కణాలు గ్రంథిలో కాకుండా పక్కనున్న కొవ్వులో పడ్డాయని ఎమ్మారై బయటపెట్టింది. రేడియోధార్మిక చిత్రంలో ఆ తేడా తెలియలేదు, ఎందుకంటే అందులో శరీర నిర్మాణం అంత స్పష్టంగా కనిపించదు. అవి మూలకణాలు కావు, నిజమే. కానీ మోకాలి కీలులోకో, గుండె కండరంలోకో, వెన్నుపాములోకో మూలకణాలను సూదితో పంపే ప్రతి వైద్యుడినీ ఈ ఫలితం ఆలోచింపజేయాలి. చికిత్స పనిచేయలేదని రాసుకున్న చోట, అసలు కణాలు చేరవలసిన చోటికే చేరలేదేమో అన్న అనుమానం తీరకపోతే, ఆ ఫలితానికి అర్థమే ఉండదు. ఆ తరువాతి ఏడాది షాంఘై వైద్యులు, తలకు పెద్ద గాయమైన రోగి మెదడు నుంచే తీసి పెంచిన నాడీ మూలకణాలకు ఇలాంటి గుర్తే వేసి తిరిగి ఎక్కించి, అవి దెబ్బతిన్న భాగం అంచు వైపు కదలడాన్ని వారాల తరబడి స్కానింగులో చూడగలిగారు.

ఆ రోజుల్లో పరిశోధకులు ఎక్కువగా వాడిన పదార్థం ఫెరిడెక్స్. 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు కాలేయంలోని కణుతులను ఎమ్మారైలో చూపడానికి తయారైనది. మూలకణాల వాళ్లు దాన్ని తమ పనికి మలచుకున్నారు. కాలేయ పరీక్షలకు దాని వాడకం తగ్గడంతో 2008లో తయారీ ఆగిపోయింది. రెసొవిస్ట్ అనే మరో మందు కూడా ఆ దరిదాపుల్లోనే చాలా దేశాల మార్కెట్ల నుంచి తప్పుకుంది. ఒక మందును దాని అసలు ఉపయోగానికి కాక వేరే పనికి నమ్ముకున్నవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇది: తయారీదారుకు మనం లెక్కలోకి రాము. తరువాత మిగిలిన దారి ఫెరుమోక్సిటాల్. ఇది 2009లో మూత్రపిండాల జబ్బు ఉన్నవారి రక్తహీనతకు ఇంజక్షన్‌గా అనుమతి పొందింది. తీవ్రమైన అలెర్జీ ప్రమాదం గురించి 2015లో దాని లేబుల్‌పై గట్టి హెచ్చరిక చేర్చారు. ఈ మందును రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్, దానికి విరుగుడైన ప్రొటమీన్ సల్ఫేట్‌లతో కలిపి మూలకణాల్లోకి పంపే పద్ధతిని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలు 2012లో ప్రకటించారు. మేము కొన్న సీసా వీటిలో ఏదీ కాదు. ‘పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు’ అని స్పష్టంగా ముద్రించి అమ్మే సరుకు అది. మన స్థాయి ల్యాబులకు అందుబాటులో ఉండేవి ఇలాంటివే.

ఇక మా అనుభవానికి వస్తాను. మొదటి సీసా మా చేతికి వచ్చిన తీరు చాలా బాధ కలిగించింది. ఐరన్ ఆక్సైడ్ ద్రావణాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. నీరు మంచుగా మారేటప్పుడు రేణువులు ఒకదానిపైకి ఒకటి నెట్టుకుపోయి ముద్దలవుతాయి, కరిగిన తరువాత మళ్లీ విడిపోవు. సీసాపై ఆ హెచ్చరిక ఉంది కూడా. అయినా అమ్మినవారు ఎండలు ముదిరిన రోజుల్లో హైదరాబాద్ నుంచి పంపుతూ, దారిలో వేడెక్కుతుందన్న భయంతో కాబోలు, డ్రై ఐస్‌లో పెట్టి పంపారు. డ్రై ఐస్ అంటే సున్నాకు 78 డిగ్రీలు కింద. పెట్టె తెరిచేసరికి ద్రావణం రాయిలా బిగుసుకుపోయి ఉంది. కరిగించి వెలుతురులో పట్టుకుంటే, అంతటా ఒకే ముదురు గోధుమ రంగులో ఉండవలసిన ద్రావణం పైన పలుచబడి, అడుగున తుప్పు రంగు మడ్డిగా పేరుకుంది. 0.2 మైక్రాన్ల (200 నానోమీటర్ల) ఫిల్టరులోంచి నెట్టితే ఫిల్టరు బిళ్ల గోధుమ రంగుకు తిరిగింది, కిందికి దాదాపు నీళ్లే దిగాయి. సీసా మీది వివరాల ప్రకారం రేణువు పూతతో కలిపి 100 నానోమీటర్ల లోపు ఉండాలి, అంటే 0.2 మైక్రాన్ల రంధ్రంలోంచి సులువుగా జారిపోవాలి. ఆ ఫిల్టరు బిళ్ల ఫొటో పంపితేగానీ అమ్మినవారు సమస్యను ఒప్పుకోలేదు. చాలా ఉత్తరప్రత్యుత్తరాల తరువాత, మామూలు జెల్ ప్యాకులతో మరో సీసా పంపారు, అదనంగా డబ్బు అడగలేదు. చివరికి న్యాయం జరిగినా, ఒక ఎమ్మెస్సీ విద్యార్థి ప్రాజెక్టు సమయంలో పెద్ద భాగం ఆ ఎదురుచూపులోనే పోయింది. అందుకే ఈ సరుకు తెప్పించుకునే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఫిల్టరు పరీక్ష గురించే. రేణువుల పరిమాణం కొలిచే డీఎల్ఎస్ వంటి ఖరీదైన యంత్రం అందుబాటులో లేకపోయినా, ఒక సిరంజి ఫిల్టరుతో సీసా మంచిదో కాదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

రెండో సీసాతో పని సాఫీగా మొదలైంది, అయితే సీసాతో పాటు వచ్చిన కరపత్రంలోని ఒక మాట మాత్రం నిలబడలేదు. కణాలను పెంచే పోషక ద్రావణంలో (మీడియంలో) నేరుగా కలిపి ఒక రాత్రి ఉంచితే చాలు, వేరే సహాయక పదార్థం అక్కరలేదని అందులో రాశారు. మాక్రోఫేజ్‌ల వంటి, కనిపించినదాన్నల్లా మింగే కణాల విషయంలో ఇది నిజమే. మేము పెంచేవి కొవ్వుగా, ఎముకగా, మృదులాస్థిగా మారగల మెసెంకైమల్ మూలకణాలు, వాటికి ఆ స్వభావం లేదు. డెక్స్‌ట్రాన్ పూతకు చెప్పుకోదగ్గ ధనావేశం ఉండదు, కణం పొరపైనేమో రుణావేశం. అందువల్ల రేణువులు పొరకు అంటుకోవు, అంటుకోనిదే లోపలికి వెళ్లవు. కరపత్రం చెప్పినట్టు చేసి చూస్తే కొన్ని కణాల్లోనే, అదీ అరకొరగా, ఇనుము కనిపించింది. ఆ తరువాత 2012 నాటి పద్ధతిని ఆధారంగా చేసుకుని ప్రొటమీన్, హెపారిన్ కలిపాం. ఆ పద్ధతిలో మిల్లీలీటరుకు ఫెరుమోక్సిటాల్ 50 మైక్రోగ్రాములు, ప్రొటమీన్ 60 మైక్రోగ్రాములు, హెపారిన్ 2 యూనిట్లు. ధనావేశం ఉన్న ప్రొటమీన్, రుణావేశం ఉన్న హెపారిన్ ఒకదాన్నొకటి పట్టుకుని, మధ్యలో ఇనుప రేణువులను ఇముడ్చుకుని చిన్న గుచ్ఛాలుగా మారతాయి. వాటిని కణం తనలోకి లాక్కుంటుంది. మొదటి కొన్ని గంటలు సీరం (రక్తం నుంచి తీసే ద్రవం) లేని మీడియంలోనే ఉంచాలి, ఎందుకంటే సీరంలోని ప్రొటీన్లు అడ్డుపడతాయి. తరువాత సీరం ఉన్న మీడియం కలిపి రాత్రంతా ఇంక్యుబేటర్‌లో వదిలేయవచ్చు.

ఇక్కడ మన ఊళ్లలో పనిచేసేవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. గుండె శస్త్రచికిత్సల్లో హెపారిన్ ప్రభావాన్ని విరిచేందుకు వాడే ప్రొటమీన్ ఇంజక్షన్, హెపారిన్ ఇంజక్షన్ రెండూ పెద్ద ఆస్పత్రుల దగ్గరి మందుల దుకాణాల్లో దొరికే సరుకులే. కణాల్లోకి పదార్థాలను చొప్పించడానికి విదేశాల నుంచి ప్రత్యేకంగా తెప్పించే ట్రాన్స్‌ఫెక్షన్ రసాయనాలతో పోలిస్తే వీటి ఖర్చు చాలా తక్కువ. కాకపోతే హెపారిన్ సీసాల్లో కొన్నింటిలో బెంజైల్ ఆల్కహాల్ అనే నిల్వ పదార్థం ఉంటుంది. అది లేనిది చూసి తీసుకోవాలి.

గుర్తు పడిందో లేదో చూడటానికి పెర్ల్స్ పద్ధతిలో ప్రష్యన్ బ్లూ రంగు వేస్తాం. 19వ శతాబ్దం నాటి పద్ధతి ఇది. ఇనుమును నీలంగా చూపడానికి పొటాషియం ఫెర్రోసయనైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం తప్ప మరేమీ అక్కరలేదు, డిగ్రీ కళాశాలలో కూడా చేయవచ్చు. ప్రొటమీన్ కలిపి చేసిన పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పకుండా ఉండలేను. సన్నగా, రెండు వైపులా కొనలు సాగిన ఆ కణాల్లో, ఎర్రటి రంగు పట్టిన కేంద్రకం చుట్టూ నీలపు చుక్కలు గుంపుగా చేరి ఉంటాయి, కేంద్రకం లోపల మాత్రం ఒక్క చుక్క ఉండదు. రేణువులు కణంలోని లైసోజోముల్లోకి, అంటే మింగినదాన్ని అరిగించే చిన్న సంచుల్లోకి, చేరాయనడానికి అదే ఆనవాలు. అయితే అదే పలకలో, కణం అంచు దాటి గాజు మీద పొక్కులా పేరుకున్న నీలం కూడా అక్కడక్కడా కనిపించింది. అది లోపలికి వెళ్లిన ఇనుము కాదు, బయట మిగిలిపోయిన ముద్ద. హెపారిన్ కలిపిన ఉప్పు ద్రావణంతో గట్టిగా కడిగితేనే అది పోతుంది. ఈ కడగడంలో బద్ధకిస్తే స్కానింగులో కనిపించే నల్లదనంలో సగం కణాలది కాదు, ముద్దలది అవుతుంది. కరపత్రంలో కడగడం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఇంత ముఖ్యమైన మెట్టును అలా దాటవేయడం సరికాదు.

ఒక్కో కణంలోకి ఎంత ఇనుము చేరిందో ఫెర్రోజిన్ పరీక్షతో కొలవవచ్చు. కణాలను ఆమ్లంలో కరిగించి, ఇనుమును ఫెర్రస్ రూపంలోకి మార్చి, ఫెర్రోజిన్ కలిపితే వచ్చే ఊదా రంగును 562 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫొటోమీటర్‌తో చదువుతాం. ఈ రంగంలో సాధారణంగా కణానికి 10 పికోగ్రాములు (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు), ఆ పైన ఉంటే మంచి గుర్తుగా లెక్క. పది లక్షల కణాలు కలిసినా 10 మైక్రోగ్రాముల ఇనుమే అవుతుంది, పెద్దవాళ్ల శరీరంలో సహజంగా ఉండే ఇనుము 3 నుంచి 4 గ్రాములు. కాబట్టి శరీరం మొత్తానికి ఈ ఇనుము భారం కాదు. చూడవలసింది ఆ చిన్న కణానికి అది భారమా అన్నది. లైసోజోముల్లోని ఆమ్లంలో రేణువులు నెమ్మదిగా కరిగి, విడిపోయిన ఇనుము హానికరమైన ఆక్సిజన్ రూపాలను పుట్టించగలదు. కణాలు బతికి ఉన్నాయో లేదో చూసే ట్రిపాన్ బ్లూ పరీక్షలోనూ, ఎంటీటీ పరీక్షలోనూ మా కణాలు గుర్తు లేనివాటికి దీటుగానే నిలిచాయి. అంతటితో తృప్తిపడి కూర్చోకూడదు. మెసెంకైమల్ మూలకణాలకు ఫెరిడెక్స్ గుర్తు వేస్తే కొవ్వుగా, ఎముకగా మారే శక్తి అలాగే ఉంది కానీ, మృదులాస్థిగా మారే శక్తి దెబ్బతిన్నదని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2004లోనే చూపించారు. వేరే సహాయక పదార్థంతో, వేరే మోతాదుతో చేసిన ఇతరులకు ఆ నష్టం కనిపించలేదు. అందువల్ల మోకాలి మృదులాస్థి మీద పని చేసేవాళ్లు, బతికి ఉన్నాయి కదా అని ఊరుకోకుండా, తమ మోతాదుతో తమ కణాలు మృదులాస్థిగా మారుతున్నాయో లేదో విడిగా పరీక్షించుకోవాలి. ఈ సరుకు కరపత్రంలో ‘కణాలకు ఎలాంటి హాని లేదు’ అన్న ఒక్క ముక్క తప్ప, ఏ పరీక్ష చేసి ఆ మాట అన్నారో లేదు.

స్కానింగు కోసం పరిశోధనకు ప్రత్యేకించిన ఎమ్మారై యంత్రం మాకు లేదు. నక్కలగుట్టలోని ఒక రోగనిర్ధారణ కేంద్రం వారు, రోగులందరూ వెళ్లిపోయిన తరువాత, తమ 1.5 టెస్లా యంత్రాన్ని కాసేపు వాడుకోనిచ్చారు. గుర్తు వేసిన కణాలను వేర్వేరు సంఖ్యల్లో అగరోజ్ జెల్‌లో కలిపి చిన్న ట్యూబుల్లో పోసి, వాటిని నీళ్ల డబ్బాలో నిలబెట్టి, తలకు వాడే కాయిల్‌లో (ఎమ్మారై సంకేతాన్ని అందుకునే భాగంలో) పెట్టాం. మెదడులో పాత రక్తస్రావాన్ని వెతకడానికి వైద్యులు వాడే టీ2 స్టార్ గ్రేడియంట్ ఎకో పద్ధతిలోనే చిత్రం తీశారు. లక్ష కణాలున్న ట్యూబు నల్లగా, తన అసలు వెడల్పు కంటే పెద్ద మచ్చగా పడింది. ఇనుము తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని కలవరపెడుతుంది కనుక నల్లదనం అసలు పరిమాణాన్ని మించి వ్యాపిస్తుంది. తక్కువ కణాలను చూపడంలో ఈ గుణమే మనకు సాయం, వాటి అసలు హద్దులు గీయడంలో ఇదే అడ్డం. కణాల సంఖ్య తగ్గించుకుంటూ పోయిన కొద్దీ మచ్చ పలుచబడి, చివరి ట్యూబుల్లో ఉందా లేదా అన్న స్థితికి వచ్చింది.

ఆ చిత్రాలు తెరమీద చూస్తూ, ఏళ్లుగా ఈ పనిలో ఉన్న టెక్నీషియన్ అన్న మాట ఏ కరపత్రంలోనూ లేనిది: “సార్, గిది నెత్తురు కారినట్టే కనబడ్తాంది. ఏది మీ కణాలు, ఏది గాలి బుడగ, ఫిలిం చూసి ఎట్ల చెప్పాలె?” ఆయన వేలు పెట్టి చూపిన మచ్చ నిజంగానే ట్యూబులో చిక్కుకున్న గాలి బుడగది. గాలి, పాత రక్తం, సున్నం పేరుకున్న చోటు, ఇనుము, ఈ రకం చిత్రంలో అన్నీ నలుపే. సూది గుచ్చిన దారిలో రక్తం కారితే అది కూడా కొన్నాళ్లకు ఇనుప మచ్చగానే మిగులుతుంది. అందుకని కణాలు ఎక్కించక ముందు ఒక స్కానింగు, గుర్తు లేని కణాలను అదే విధంగా ఎక్కించిన మరో జంతువు, రెండూ తప్పనిసరి. మేము ట్యూబుల వరసలో గుర్తు లేని కణాలను, ఖాళీ జెల్‌ను, కణాలు లేకుండా కేవలం రేణువులను కూడా పెట్టాం. ఆ మూడూ లేని చిత్రాన్ని ఎవరు తెచ్చి చూపినా నేను ఒప్పుకోను.

ఇప్పుడు అసలు పరిమితి దగ్గరికి వస్తాను. మన పల్లెల్లో గొల్లకురుమలు తమ గొర్రెలు పక్క మందలో కలిసిపోకుండా ఊలు మీద రంగు గుర్తు వేస్తారు. గొర్రె చచ్చినా ఊలు మీది గుర్తు చెరగదు. ఆ ఊలు ఎవరి ఇంటికి చేరితే గుర్తూ అక్కడికే చేరుతుంది. ఇనుప గుర్తు కథ కూడా అంతే. ఎక్కించిన మూలకణాల్లో చాలా భాగం మొదటి కొన్ని రోజుల్లోనే చనిపోవడం మామూలు. చనిపోయిన కణాన్ని మాక్రోఫేజ్‌లు మింగుతాయి, దానితో పాటు ఇనుమునూ మింగి అక్కడే ఉండిపోతాయి. ఎమ్మారైలో మచ్చ అదే చోట, అదే నలుపుతో వారాల తరబడి నిలుస్తుంది. ఎలుకల గుండెల్లో జరిపిన అధ్యయనాలు 2007, 2008 సంవత్సరాల్లో దీన్ని నిస్సందేహంగా చూపాయి: స్కానింగులో మచ్చ చెక్కుచెదరకుండా ఉన్నా, కోసి చూస్తే ఇనుము ఉన్నది మూలకణాల్లో కాదు, మాక్రోఫేజ్‌ల్లో. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పొరపాటుకూ వీలుంది. కణాలు ఆరోగ్యంగా ఉండి విభజన చెందితే, ఇనుము ప్రతి విభజనలోనూ రెండుగా పంచుకుపోతుంది. 16 పికోగ్రాములతో మొదలైన కణం నాలుగు విభజనలు దాటితే దాని సంతానంలో ఒక్కోదానికి మిగిలేది 1 పికోగ్రాము. అప్పుడు మచ్చ మాయమవుతుంది, కణాలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. అంటే మచ్చ నిలిచిందంటే బతికి ఉన్నాయని కాదు, పోయిందంటే చచ్చిపోయాయనీ కాదు. తొలి రోజుల్లో స్థానం చెప్పడానికి తప్ప, తరువాతి కాలంలో ఈ మచ్చ మీద ఏ నిర్ణయమూ కట్టకూడదు. ఈ సరుకు ప్రచార పత్రంలో ‘దీర్ఘకాలం మూలకణాల జాడ’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది. జాడ దీర్ఘకాలం ఉండేది ఇనుముది. ఆ మాట మార్చమని తయారీదారుకు రాశాను, జవాబు రాలేదు.

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి, అవేవీ మనకు తేలిక కాదు. శరీరంలో సహజంగా చెప్పుకోదగ్గ ఫ్లోరిన్ సంకేతం ఉండదు కనుక, ఫ్లోరిన్ నిండిన పెర్‌ఫ్లోరోకార్బన్‌తో గుర్తు వేసిన కణాలు తప్ప మరేదీ ఫ్లోరిన్ ఎమ్మారై చిత్రంలో కనిపించదు. గాలి బుడగ గొడవ తీరుతుంది. కానీ దానికి వేరే కాయిల్ కావాలి, చాలా ఎక్కువ కణాలు కావాలి. ఇండియం-111కు అర్ధాయుష్షు 2.8 రోజులు, కాబట్టి కొన్ని రోజులు కణాల వెంట నడుస్తుంది. రేడియోధార్మిక పదార్థాల అనుమతులు ఉన్న విభాగానికే అది సాధ్యం. మరో రేడియోధార్మిక గుర్తు ఫ్లోరిన్-18కు అర్ధాయుష్షు 110 నిమిషాలే. హైదరాబాద్‌లో తయారైనది దాదాపు 150 కిలోమీటర్లు రోడ్డు మీద వచ్చేసరికి మూడు గంటలు పట్టిందనుకుంటే, చేతికి అందేది మూడో వంతే. బతికి ఉన్న కణమే సంకేతం ఇవ్వాలంటే దాని జన్యువుల్లోనే మార్పు చేసే రిపోర్టర్ జన్యు పద్ధతి ఉంది. శాస్త్రపరంగా అదే సరైన జవాబు, రోగులకు ఇచ్చే కణాల్లో జన్యు మార్పు చేయడం మాత్రం వేరే స్థాయి బాధ్యత. ఇనుప రేణువులనే నేరుగా, నలుపుగా కాకుండా వెలుగుగా చూపే అయస్కాంత రేణు చిత్రణ 2005లో వెలుగుచూసింది. దానికి యంత్రమే వేరు.

ఈ సమీక్షలో ఒక మాట రోగుల కుటుంబాల కోసం కూడా రాయవలసి ఉంది. మేము ఈ పని చేస్తున్నామని ఎవరి ద్వారానో విని, మెదడు ఎదుగుదల లోపించిన కొడుకును వెంటబెట్టుకుని ఒక తల్లి మా దగ్గరికి వచ్చింది. ఎక్కడో ఒక ప్రైవేటు క్లినిక్‌లో మూలకణాల ఇంజక్షన్లు ఇప్పించి, ఆ తరువాత తీసిన ఎమ్మారై ఫిలిం చేతిలో పట్టుకుని, “గీ తేడా చూస్తె కణాలు మంచిగ పనిచేస్తున్నయని చెప్పిన్రు సార్, నిజమేనా?” అని అడిగింది. గుర్తు వేయని మూలకణాలు మామూలు ఎమ్మారైలో కనిపించవు. గుర్తు వేసినా, పైన చెప్పినట్టు, అది పనితీరు గురించి ఏమీ చెప్పదు. మూలకణాల జాడ తీయడానికి మామూలు చికిత్సలో వాడేందుకు అనుమతి ఉన్న ఐరన్ ఆక్సైడ్ గుర్తు ఏదీ లేదు. రక్తకణాలను పుట్టించే మూలకణాల మార్పిడి తప్ప, మిగతా మూలకణ చికిత్సలు ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్స్‌లో భాగంగానే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర జీవసాంకేతిక విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర చికిత్సకు డబ్బు వసూలు చేయకూడదు. పొలం అమ్మి ఆ ఇంజక్షన్లకు కట్టిన కుటుంబానికి ఈ సంగతి ఆలస్యంగా చెప్పవలసి రావడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. ఫిలింలోని తేడా చూపి డబ్బు అడిగేవాళ్లను, ఆ ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

సరుకు విషయానికి వస్తే, కణాలను సరైన చోట పెట్టామా అన్నది తేల్చుకోవలసిన ప్రయోగాలకు, కొత్తవాళ్లకు ఈ పద్ధతి నేర్పడానికి, నేను దీన్ని మళ్లీ కొంటాను. ఆర్డరులోనే ‘డ్రై ఐస్ వాడరాదు, జెల్ ప్యాకులతోనే పంపాలి’ అని రాయించండి. ఎండాకాలం తప్పించి వానలు మొదలయ్యాక తెప్పించుకుంటే ఇంకా మంచిది. ఆ లాట్‌కు (ఒకే విడతలో తయారైన సరుకుకు) చెందిన రేణువుల పరిమాణం, ఆవేశం, ఇనుము గాఢత కొలిచిన కాగితం సరుకుతో పాటే రావాలని షరతు పెట్టండి, ఎందుకంటే మాకు వచ్చిన రెండు లాట్లలో గాఢత ఒకేలా లేదు, ఆ తేడా సరిచేసుకోకపోతే మోతాదు లెక్క తప్పుతుంది. పెద్ద సీసా చవక అనిపిస్తుంది కానీ, ఒకసారి తెరిచాక శుభ్రత కాపాడటం కష్టం. నగరంలోని రెండు మూడు ల్యాబులు కలిసి చిన్న సీసాలు ఒకే ఆర్డరులో తెప్పించుకుని పంచుకుంటే పార్సెల్ ఖర్చు తగ్గుతుంది, ఎవరి దగ్గరా సరుకు నెలల తరబడి ఫ్రిజ్‌లో పడి ఉండదు.